పక్కనున్న ఖాళీ స్థలం నగరానిది: మాకు కాకుండా గంపగుత్తగా బిల్డరుకు ఇస్తారట

కంచె_అవతల
మిషిగన్‌లో ఒక మధ్యతరహా నగరంలో ఉంటున్నాం. మా ఇంటిని ఆనుకొని ఒక ఖాళీ స్థలం ఉంది. ఒకప్పుడు అందులో ఇల్లు ఉండేదట. యజమాని పన్ను కట్టలేకపోతే జప్తు చేశారు, అది చివరికి నగరం చేతికి వచ్చింది, ఇల్లు కూల్చేశారు. అప్పటి నుంచి అక్కడ గడ్డి కోసేది మేమే. చలికాలంలో దాని ముందు కాలిబాట మీద మంచు తీసేది మేమే. రాత్రిపూట ఎవరో పారేసి పోయిన టైర్లు, తడిసి బరువెక్కిన పరుపులు డబ్బులిచ్చి ఎత్తించేదీ మేమే. ఆ స్థలం కొంటాం, ధర చెప్పండి అని దరఖాస్తు పెట్టాం. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఫోను చేస్తే, మా వీధిలో ఉన్న నగరం స్థలాలన్నీ కలిపి ఒకే బిల్డరుకు ఇచ్చే ఆలోచన ఉంది, విడివిడిగా అమ్మడం ఆపేశాం అంటున్నారు. ఆయన ఏం కడతాడు, ఎప్పటిలోగా కడతాడు అని అడిగితే చెప్పే నాథుడు లేడు.

నగరం తన ఆస్తిని ఎలా పడితే అలా అమ్ముకోవచ్చా? ఆనుకొని ఉన్నవాళ్లకు ముందు అడగాలన్న నియమం ఏదీ ఉండదా?

లెక్కల_లక్ష్మి
చట్టం దానంతట అది పొరుగువాళ్లకు అలాంటి హక్కు ఇవ్వదు. నగరమో, ల్యాండ్ బ్యాంకో (జప్తయిన, ఖాళీగా పడివున్న ఆస్తులను చేతిలో ఉంచుకొని అమ్మే ప్రభుత్వ సంస్థ) తన అమ్మకాల విధానంలో రాసుకుంటేనే ఉంటుంది. డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంకు రాసుకుంది. అక్కడ ఖాళీ స్థలాన్ని ఆనుకొని సొంత ఇల్లు ఉన్నవారికి 100 డాలర్లకు ఇస్తారు. ఆనుకొని లేకపోయినా 500 అడుగుల లోపు ఇల్లున్నవారికి వేరే పథకం ఉంది, ధర కొంచెం ఎక్కువ.

మీరు ముందు సంపాదించవలసింది మీ కౌన్సిల్ ఆమోదించిన అమ్మకాల విధానం ప్రతి. ఫోనులో చెప్పే మాటలకు విలువ లేదు. మిషిగన్ సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. అయిదు పనిదినాల్లో జవాబివ్వాలి, కావాలంటే ఇంకో పది పనిదినాలు గడువు తీసుకోవచ్చు. అంతకు మించి సాగదీయడానికి లేదు.

బాటసారి
100 డాలర్లకు స్థలమా! మా నాన్నగారికి చెబితే "ఎవరో నిన్ను నిలువునా ముంచుతున్నారు, వెంటనే ఫోను పెట్టేయి" అంటారు.

వడ్రంగి_వాసు
మీ నాన్నగారికి ధైర్యం చెప్పండి, నిజమే. 2014 నుంచి నడుస్తోంది, వేల స్థలాలు అలా చేతులు మారాయి. ఆ ఆనుకొని ఉన్న ఇంటికి, కొనేవాళ్ల పేరు మీదున్న మిగతా ఆస్తులకు పన్ను బాకీ ఉండకూడదు. అంతకంటే పెద్ద మతలబు లేదు.

సూటిగా_ఒక_మాట
నాకు ఈ 100 డాలర్ల వ్యవహారమే నచ్చదు. ఆ స్థలం నగరంలో పన్ను కట్టే అందరిదీ. కంచె పక్కన ఇల్లు ఉండటం అనే అదృష్టానికి ఒకరికి ఉమ్మడి ఆస్తిని పప్పుబెల్లాల్లా పంచి పెట్టడం ఏం న్యాయం? బహిరంగంగా వేలం వెయ్యండి. ఎక్కువ పాడినవాడికి ఇవ్వండి. ఆ డబ్బుతో వీధి దీపాలు వెయ్యండి, అగ్నిమాపక కేంద్రాలు నడపండి. కంచె_అవతల గారు కూడా అందరితోపాటు పాడుకోవచ్చు.

నిమ్మచెట్టు
వేలమే కదా, వేసి చూశారు. డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పన్ను జప్తు ఆస్తులను ఏటా వేలం వేసేవారు. మొదటి విడతలో బకాయిల మొత్తమే కనీస ధర. అక్కడ అమ్ముడుపోనివి రెండో విడతకు వస్తే, చాలా ఏళ్లపాటు కనీస ధర 500 డాలర్లు. ఇంట్లో కూర్చొని కంప్యూటర్ మీద పాడేవాళ్లు. ఆ వీధి మొహం చూడనివాళ్లు పదులూ వందలూ కొన్నారు. కొన్న తర్వాత గడ్డి కోయరు, పన్ను కట్టరు. మూడేళ్లకు అదే ఇల్లు మళ్లీ జప్తు, మళ్లీ వేలం. ఖజానాకు ఒక్కసారి 500 వచ్చింది, ఆ తర్వాత కూల్చివేతకు వేల డాలర్లు చేతి నుంచి పోయాయి. వీధి దీపాలు ఎక్కడ వెలిగాయి?

సూటిగా_ఒక_మాట
అది వేలం తప్పు కాదు. పన్ను బాకీ ఉన్నవాడిని మళ్లీ పాడనిచ్చిన నియమం తప్పు. దాన్ని సరిచేస్తే చాలు.

ఇంకో సంగతి. బిల్డరుకు కలిపి ఇవ్వడాన్ని అందరూ పాపంలా చూస్తున్నారు. ముప్పై, నలభై అడుగుల వెడల్పు స్థలాలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే ఎవరూ ఏమీ కట్టలేరు. మురుగు కాలువ కనెక్షన్లు, రోడ్డు పనులు, బ్యాంకు అప్పు అన్నీ వరుసగా స్థలాలుంటేనే గిట్టుబాటవుతాయి. మధ్యలో ఒకటి పొరుగాయనకు ఇస్తే మొత్తం వరుస పాడవుతుంది. ఇళ్ల కొరత ఉన్న ఊళ్లో పెరటి తోటలు ముఖ్యమా, ఇళ్లు ముఖ్యమా?

డెట్రాయిట్_దేవి
గంపగుత్త అమ్మకాల సంగతి వచ్చింది కాబట్టి రెండు చెబుతాను. రెండూ మా ఊరివే, రెండూ అందరికీ తెలిసినవే.

మొదటిది 2012 డిసెంబరులో జరిగింది. జాన్ హాంట్జ్ అనే వ్యాపారికి తూర్పు వైపున సుమారు 1,500 స్థలాలు, దాదాపు 140 ఎకరాలు, స్థలానికి సుమారు 300 డాలర్ల చొప్పున అమ్మడానికి కౌన్సిల్ 5-4 ఓట్లతో ఒప్పుకుంది. పాడుబడ్డ కట్టడాలు కనీసం 50 కూల్చాలి, 15,000 చెట్లు నాటాలి అని షరతు. చెట్లు నాటారు, కూల్చారు, గడ్డి కోస్తున్నారు. అది కళ్లకు కనబడుతుంది, కాదనను. కానీ ఆ రోజు బహిరంగ విచారణలో జనం లేచి అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది: "మా పక్కనున్న ఒక్క స్థలం కోసం ఏళ్ల తరబడి మీ చుట్టూ తిరిగాం, ఇవ్వలేదు. ఆయనకు 1,500 ఎలా ఇచ్చారు?" డెట్రాయిట్‌లో ఆ 100 డాలర్ల పథకం వచ్చింది ఈ గొడవ తర్వాతే.

రెండోది 2014లో. కౌంటీవాళ్లు సుమారు 6,000 ఆస్తులను ఒకే మూట కట్టి వేలంలో పెట్టారు. చితికిపోయిన ఇళ్లను కూల్చే బాధ్యత కొన్నవాడిదే. 30 లక్షల డాలర్లకు పైగా పాట వచ్చింది. పాడిన వ్యక్తి లెక్కలు చూసుకొని వెనక్కి తగ్గాడు. ఆ మూటలో జనం కాపురం ఉంటున్న ఇళ్లు కూడా ఉన్నాయి! తమ ఇల్లు ఆ మూటలో ఉందన్న సంగతి వాళ్లకు ఎవరు చెబుతారు?

మూట కట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. కట్టే ముందు వీధిలో నడిచి చూడరు, అదీ నా బాధ. కాగితం మీద అన్నీ ఒకే రంగు చుక్కలు. ఒకటి చెత్తకుప్ప, ఒకటి ఒక ముసలావిడ టమాటా మళ్లు, ఒకటి పిల్లలు బంతాడుకునే చోటు.

బాటసారి
కాపురం ఉంటున్న ఇళ్లు అమ్ముడైపోతే వాళ్లు ఎక్కడికి పోతారు?

డెట్రాయిట్_దేవి
ల్యాండ్ బ్యాంకు చేతికి వచ్చిన ఇళ్లయితే, అందులో ఉంటున్నవాళ్లే 1,000 డాలర్లకు కొనుక్కునే పథకం ఉంది. ఇంటి యజమానులకు పెట్టే తరగతికి హాజరు కావాలి, ఏడాదిపాటు పన్ను డబ్బు దాచి చూపాలి. అది మంచి పథకం, నాకు తెలిసినవాళ్లు నిలబడ్డారు. నేరుగా వేలంలో పోయిన ఇళ్లవాళ్లకు ఆ ఊరట లేదు. కొత్త యజమాని తలుపు తట్టి అద్దె అడిగినప్పుడే చాలామందికి తెలిసింది.

వసారా
అద్దె అడిగితే నయం. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ సంగతి చెబుతాను. వేలంలో కొన్న ఒక పెట్టుబడిదారు దగ్గర ఆమె ల్యాండ్ కాంట్రాక్టు మీద ఇల్లు తీసుకుంది. అంటే నెల నెలా కడుతూ పోతే చివరికి దస్తావేజు ఇస్తారు. పైకప్పు మరమ్మతు ఆమెదే, ఇంటిని వేడిచేసే ఫర్నేసు ఆమెదే. పన్ను మాత్రం ఆయన కడతానన్నాడు. కట్టలేదు. ఇల్లు మళ్లీ జప్తులోకి వెళ్లింది. కౌంటీ నోటీసులు అతని చిరునామాకే వెళ్లేవి. తలుపుకు అంటించిన, జప్తు నోటీసు ఉన్న పసుపు సంచి చూసేవరకూ ఆమెకు ఏమీ తెలియదు. వంటింట్లో ఆమె స్వయంగా పరిచిన పలకలు, స్వయంగా వేసుకున్న రంగు... ఇల్లు మాత్రం ఆమెది కాదట.

కొనేవాడు ఎవరో, కొని ఏం చేస్తాడో అడగకుండా అమ్మితే ఇవే జరుగుతాయి. సూటిగా గారూ, ఎక్కువ పాడినవాడు అంటే అతనే.

సూటిగా_ఒక_మాట
ఆవిడకు జరిగింది ఘోరం. దానికి ల్యాండ్ కాంట్రాక్టులను రిజిస్టరు చేయించే చట్టం కావాలి. నా మాట మాత్రం మారలేదు. ధర తగ్గించి ఇచ్చే ప్రతి చోటా ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే ఒక అధికారి పుడతాడు. ఆ అధికారం ఎటు పోతుందో అందరికీ తెలుసు.

ఫిల్లీ_ఫణి
ఆ మాటలో నిజం ఉంది, మా ఫిలడెల్ఫియానే సాక్ష్యం. ఇక్కడ 2013లో ల్యాండ్ బ్యాంకు చట్టం చేశారు. అప్పటికి నగరంలో ఖాళీ ఆస్తులు 40,000 దాకా ఉన్నాయి, వాటిలో నగరం చేతిలోవి నాలుగో వంతు. అవీ నాలుగైదు శాఖల పేర్ల మీద చెల్లాచెదురు. ఒకే చోటికి తెస్తే అమ్మకం తేలికవుతుందనుకున్నారు. కానీ ఏ స్థలం అమ్మాలన్నా ఆ వార్డు కౌన్సిల్ సభ్యుడు ఊ అనాలి. ఆయన తీర్మానం పెట్టకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. ఇది ఆనవాయితీ, కానీ చట్టం కంటే గట్టిది.

అలాగని ధరకే వదిలేస్తే బాగుంటుందా అంటే అదీ మేమే చూశాం. 1997లో నగరం డబ్బుకు ఇబ్బంది పడి, వేలాది ఆస్తుల పన్ను బకాయిలను వసూలు చేసుకునే హక్కును పెట్టుబడిదారులకు అమ్మేసింది. ఒక బ్యాంకు ట్రస్టీగా నిలబడింది. ఎవరూ పట్టించుకోని ఆ స్థలాల్లో చుట్టుపక్కలవాళ్లు చెత్త ఎత్తి, మన్ను పోసి తోటలు వేసుకున్నారు. ఇరవై ఏళ్లు గడిచి భూముల ధరలు పెరిగాక, ఆ పాత బకాయిలు పట్టుకొని స్థలాలను షెరీఫ్ వేలానికి తెచ్చారు. తోట వేసినవాళ్లకు కబురు కూడా ముందుగా లేదు. కొన్నింటిని కాపాడటానికి ఆ తర్వాత నగరమే ఆ బకాయిలను తిరిగి కొనవలసి వచ్చింది.

చికాగో_చిన్నమ్మ
మా దగ్గర కొన్నేళ్లపాటు ధర ఒక్క డాలరే ఉండేది. 2014లో ఇంగిల్‌వుడ్ పేట వైపు మొదలుపెట్టారు. అదే బ్లాకులో అప్పటికే ఆస్తి ఉండాలి, పన్నులు బాకీ ఉండకూడదు, కొన్నాక ఐదేళ్లు అమ్మకూడదు అనేవారు. ఆ ఐదేళ్ల నియమమే దాని ప్రాణం. కొని మర్నాడే అమ్ముకుందామనుకునేవాళ్లు దరఖాస్తే పెట్టేవారు కాదు. ఎంచుకునే అధికారి ఇష్టాయిష్టాలతో పని ఉండేది కాదు. అర్హత ఉందా లేదా, అంతే. సూటిగా గారి భయానికి ఇది జవాబు కాదా?

సూటిగా_ఒక_మాట
కొంతవరకు జవాబే. నియమం అందరికీ ఒక్కటే అయితే, అధికారి చేతిలో ఎంపిక లేకపోతే, ధర తక్కువైనా ఒప్పుకుంటాను. కానీ అప్పుడు కూడా పెద్ద స్థలాల వరుసను ముక్కలు చేయకూడదన్న నా మాట అలాగే ఉంది.

కంచె_అవతల
అందరూ రాసినవి చదువుతున్నాను. మా వీధిలో వరుసగా స్థలాలు లేవు. ఒక చివర ఒకటి, మధ్యలో మాది, మూలమలుపులో ఇంకొకటి. కలిపి అమ్మినా కలిసేవి కావు. ఇంకో సందేహం. మా పక్క ఇల్లు కోల్పోయిన పాత యజమానికి అమ్మిన డబ్బులో ఏమైనా వెళుతుందా? ఆయన కూతురు ఈ ఊళ్లోనే ఉంటుంది, అప్పుడప్పుడు వచ్చి ఆ స్థలం ముందు కాసేపు నిలబడి వెళుతుంది. నాకు ఆమె మొహం చూడటానికే ఇబ్బందిగా ఉంటుంది.

లెక్కల_లక్ష్మి
దీనికి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడే అసలు అన్యాయం ఉంది.

మిషిగన్‌లో 1999 నాటి చట్టం ప్రకారం పన్ను బకాయి మూడో ఏడు దాటేసరికి మార్చి 31న ఆస్తి యజమాని చేజారిపోతుంది. చాలాకాలం, ఆ ఆస్తిని బకాయి కంటే ఎక్కువకు అమ్మినా మిగిలిన డబ్బంతా ప్రభుత్వమే ఉంచుకునేది. ఓక్లండ్ కౌంటీలో ఒకాయన 8.41 డాలర్లు తక్కువ కట్టాడు. ఎనిమిది డాలర్ల నలభై ఒక్క సెంట్లు! వడ్డీ, జరిమానా, ఖర్చులు కలిసి అది 285.81 డాలర్లయింది. ఆస్తిని 24,500 డాలర్లకు అమ్మి కౌంటీ మొత్తం ఉంచుకుంది. 2020 జులైలో రాష్ట్ర సుప్రీంకోర్టు అది చెల్లదని, మిగులు యజమానిదేనని తేల్చింది. ఆ తర్వాత 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు కూడా, మినియాపొలిస్‌కు చెందిన జెరాల్డిన్ టైలర్ అనే 94 ఏళ్ల వృద్ధురాలి కేసులో ఏకగ్రీవంగా అదే చెప్పింది. ఆవిడ బాకీ 15,000 డాలర్లు, ఫ్లాటు అమ్మింది 40,000కు, కౌంటీ 25,000 జేబులో వేసుకుంది.

ఇప్పుడు మిషిగన్‌లో పాత యజమాని మిగులు అడగవచ్చు. కానీ జప్తు అయిన ఏడాది జులై 1 లోగా ఒక ఫారం నింపి కౌంటీకి ఇవ్వాలి. ఆ తర్వాతి ఏడు కోర్టులో ఇంకో దరఖాస్తు వేయాలి. ఇల్లు పోయిన దుఃఖంలో, అద్దె ఇల్లు వెతుక్కుంటూ ఉన్న మనిషి ఈ గడువులు ఎలా గుర్తుపెట్టుకుంటాడు? మీ పక్కింటాయన సంగతి ఏ ఏట జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ అమ్మాయిని ఉచిత న్యాయ సహాయం ఇచ్చేవారి దగ్గరకు పంపండి. జప్తు తేదీ, వేలంలో అమ్మిన ధర, ఈ రెండు వివరాలు కౌంటీ ట్రెజరర్ దగ్గర దొరుకుతాయి.

నిమ్మచెట్టు
ఆ బకాయి అసలు న్యాయంగా వేసిన పన్నేనా అని కూడా అడగాలి లక్ష్మి గారూ. మిషిగన్ రాజ్యాంగం ప్రకారం పన్ను కోసం వేసే విలువ మార్కెట్ ధరలో సగానికి మించకూడదు. 2008 తర్వాత డెట్రాయిట్‌లో ఇళ్ల ధరలు పాతాళానికి పోయాయి, పన్ను లెక్కల్లో విలువలు మాత్రం దిగలేదు. నగరమంతటా కొత్తగా విలువ కట్టింది 2017లో. ఈలోగా, 2011 నుంచి 2015 వరకు, నగరంలో ప్రతి నాలుగు ఆస్తుల్లో ఒకటి పన్ను జప్తుకు వెళ్లింది. బీదవారికి పన్ను మినహాయింపు ఉంది, దాని దరఖాస్తే చాలామందికి అందలేదు. దాని మీద దావా వేస్తే 2018లో రాజీ కుదిరింది, అర్హులైనవారు తమ ఇళ్లను 1,000 డాలర్లకు తిరిగి పొందే వీలు కల్పించారు.

ఎక్కువ పన్ను వేసి, కట్టలేకపోతే ఇల్లు తీసుకొని, దాన్ని 500కు ఊరుకాని వాడికి అమ్మడం! దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వడ్రంగి_వాసు
ఖాళీ స్థలాల మాట చాలా అయింది, ఇళ్ల మాట నేను చెబుతాను. ల్యాండ్ బ్యాంకు ఆన్‌లైన్ వేలంలో ఇల్లు కొని బాగుచేసుకొని ఉంటున్నాను. పాట 1,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఆ అంకె చూసి మోసపోకండి.

లోపలికి అడుగు పెడితే గోడలకు మోకాలి ఎత్తున వరుసగా కన్నాలు. రాగి గొట్టం ఎటు పోయిందో వెతుక్కుంటూ దొంగలు వెళ్లిన దారి అది. వంటింట్లో మొదలై, మెట్ల పక్కగా ఎక్కి, స్నానాల గదిలో ఆగింది. ఫర్నేసు లేదు, నీళ్ల ట్యాంకు లేదు, కరెంటు బోర్డులో తీగలు లాగేశారు. బేస్‌మెంటులో గడ్డకట్టి పగిలిన గొట్టం, గోడ మీద నీళ్లు నిలిచిన గీత. పైకప్పు ఒక మూల కూలి ఆకాశం కనబడేది. నేల చెక్క మాత్రం పాత ఓక్, అది చూసే కొన్నాను.

కొన్నవాళ్లకు ఆరు నెలల గడువు. అప్పటికి ఇల్లు నివాసయోగ్యం కావాలి, మనుషులు ఉండాలి. పని జరుగుతున్నట్టు ఫొటోలు, రసీదులు పంపుతుంటే పొడిగిస్తారు. ఏమీ చేయకపోతే ఇంటిని వెనక్కి తీసుకునే హక్కు దస్తావేజులోనే ఉంటుంది. చాలామంది దీన్ని తిడతారు. నాకు మాత్రం అదే ధైర్యం ఇచ్చింది. ఎందుకంటే మా వరుసలో ఇంకో ఇల్లు కొన్నాయన కూడా అదే షరతుకు కట్టుబడ్డాడు. నేను నా డబ్బంతా ఇందులో పోస్తుంటే పక్కిల్లు అలాగే పాడుబడి ఉంటే నా కష్టం ఎవరికోసం?

బాల్టిమోర్_భాను
వాసు గారు చెప్పింది అక్షరాలా నిజం. మా బాల్టిమోర్‌లో 1973లోనే డాలరు ఇళ్లు మొదలయ్యాయి. అందరికీ డాలరే గుర్తుంది. అది నడిచింది డాలరు వల్ల కాదు. మరమ్మతుకు తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చారు, కొన్నవాళ్లు అందులోనే ఉండాలన్నారు. ఇళ్లు కూడా ఒకే చోట గుత్తులుగా ఎంచుకున్నారు. ఆటర్‌బైన్ పేటలో వందకు పైగా ఇళ్లు అలా నిలబడ్డాయి, ఇప్పుడు అటు వెళ్లి చూడండి. ఒకరు పైకప్పు వేస్తుంటే ఇంకొకరు కిటికీలు బిగించేవారు, ఎవరూ ఒంటరిగా లేరు.

2024లో మళ్లీ డాలరు ధర పెట్టారు. ఐదేళ్లు అక్కడే ఉండాలి, మరమ్మతు డబ్బు ఉన్నట్టు ముందే చూపించాలి. ఈ రెండో షరతు దగ్గరే మామూలు కుటుంబాలు ఆగిపోతున్నాయి. లక్ష డాలర్ల దగ్గరలో డబ్బు చేతిలో ఉన్నవాడికి డాలరు ఇల్లు ఎందుకు?

బాటసారి
బ్యాంకులు ఇవ్వవా?

వడ్రంగి_వాసు
ఎలా ఇస్తాయి? ఉదాహరణకు ఇల్లు పదివేలు, మరమ్మతు ఎనభైవేలు అనుకోండి. అంతా అయ్యాక ఆ వీధిలో దాని విలువ అరవైవేలు అని తేలుతుంది. అరవైవేల ఇంటికి తొంభైవేలు ఏ బ్యాంకూ ఇవ్వదు. ఆ ముప్పైవేలు పూడ్చేవాళ్లు ఉంటేనే మామూలు మనుషులు కొనగలరు. లేకపోతే రొక్కం ఉన్నవాళ్లదే రాజ్యం. ఆరు నెలల షరతు పెట్టే నగరం, ఆ లోటు పూడ్చే అప్పు కూడా ఏర్పాటు చేయాలి. ఒకటి పెట్టి రెండోది వదిలేస్తే, మంచి నియమమే మంచివాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

దస్తావేజు_దాసు
ఎవరూ ఎత్తని సంగతి: కాగితాలు. ఇలాంటి అమ్మకాల్లో చాలాచోట్ల ఇచ్చేది క్విట్‌క్లెయిమ్ డీడ్. "మాకున్న హక్కు మీకు వదులుతున్నాం" అంటుందే తప్ప, ఆ హక్కు గట్టిదేనని హామీ ఇవ్వదు. జప్తు నోటీసు ఎవరో ఒక వారసుడికి అందలేదని తర్వాత తేలితే చిక్కు. హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే టైటిల్ ఇన్సూరెన్సు కంపెనీలు వెంటనే ముందుకు రావు. కోర్టులో క్వయట్ టైటిల్ దావా వేసి హక్కు తేల్చుకోవాలి. కొన్ని ల్యాండ్ బ్యాంకులు అమ్మే ముందే ఆ దావా తామే పూర్తి చేస్తాయి. అలా చేసిన స్థలం కాస్త ఎక్కువ ధరైనా తీసుకోండి.

చికాగో_చిన్నమ్మ
దాసు గారి మాటకు నా వంతు. ఒక్క డాలరు స్థలానికి సర్వే, రిజిస్ట్రేషను, కంచె అన్నీ కలిపి మాకు బాగానే అయింది. అయినా ఇప్పుడు ఆ మూల దీపం పెట్టాం, మా వీధి ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా ఆ దారినే నడుస్తారు.

కంచె_అవతల
లక్ష్మి గారు చెప్పినట్టు సమాచార హక్కు కింద అడిగాను, కాగితాలు వచ్చాయి. విధానంలో పొరుగు ఇంటివారికి ముందు అవకాశం ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది! "అభివృద్ధి అవసరాలకు మినహా" అని ఒక మాట తగిలించారు. ఆ మినహాయింపు కిందే మా స్థలం చేర్చారు. బిల్డరుతో ముసాయిదా ఒప్పందం కూడా ఇచ్చారు. కట్టడానికి గడువు లేదు. కట్టకపోతే స్థలం వెనక్కి తీసుకునే షరతు లేదు. కట్టేవరకు గడ్డి ఎవరు కోయాలో కూడా లేదు. వచ్చే కౌన్సిల్ సమావేశంలో చర్చకు వస్తుంది. నేను మాట్లాడతాను. ఏం అడగాలి?

సూటిగా_ఒక_మాట
గడువు లేని ఒప్పందాన్ని నేను కూడా సమర్థించను. ఇళ్లు కడతాడనే కదా వరుసగా ఇవ్వమన్నాను. కట్టనివాడికి ఇస్తే అది భూమి దాచుకోవడం. నేనైతే మొదట అదే అడుగుతాను: పునాది ఎప్పుడు, పైకప్పు ఎప్పుడు, తప్పితే స్థలం ఎన్ని రోజుల్లో తిరిగి నగరానిది?

డెట్రాయిట్_దేవి
ఒంటరిగా వెళ్లకండి. మిగతా రెండు స్థలాల పక్కవాళ్లను తీసుకెళ్లండి. ఆ స్థలాల పటం పెద్దదిగా ముద్రించి, అవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో చూపించండి. "కలిపి అభివృద్ధి" అన్న మాట అక్కడే పడిపోతుంది. చెత్త ఎత్తించిన రసీదులు ఉంటే అవీ చేతిలో పెట్టుకోండి.

లెక్కల_లక్ష్మి
మిషిగన్ బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం మీరు మాట్లాడే హక్కును కౌన్సిల్ కాదనలేదు, సమయం మాత్రం పరిమితం చేయవచ్చు. కాబట్టి రాసుకొని వెళ్లండి, ప్రతి కూడా గుమస్తాకు ఇవ్వండి. మూడే అడగండి. మీ విధానంలోని మినహాయింపును ఈ మూడు విడి స్థలాలకు ఏ కారణంతో వర్తింపజేశారో లిఖితంగా చెప్పాలి. మీ స్థలాన్ని ఆ జాబితా నుంచి తీసి మీ పాత దరఖాస్తును పరిశీలించాలి. మిగతా రెండూ బిల్డరుకే ఇచ్చేటట్టయితే గడువు, వెనక్కి తీసుకునే షరతు ఒప్పందంలో చేర్చాలి. మూడోది మరచిపోవద్దు, అది మీకోసం కాదు కనుకనే సభ్యులు మీ మాట వింటారు.

వడ్రంగి_వాసు
చేతికి వచ్చాక చేయవలసినవి కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆనుకొని ఉన్న ఖాళీ స్థలానికి కూడా సొంత నివాసపు పన్ను మినహాయింపు వర్తిస్తుంది, కానీ దానికదే రాదు. వేసవి పన్నుకు జూన్ 1, శీతాకాలం పన్నుకు నవంబరు 1 లోగా అఫిడవిట్ ఇవ్వాలి. ఇక తవ్వే ముందు మట్టి పరీక్ష చేయించండి. కూల్చిన ఇళ్ల కింద ఇటుకలు, పాత సీసపు రంగు పెచ్చులు ఉండిపోతాయి. కూరగాయలు వేసేటట్టయితే నేలలో వేయకండి, చెక్కలతో ఎత్తుగా మళ్లు కట్టి కొత్త మట్టి పోయండి. చెక్కలు ఎంత మందం ఉండాలో, ఎలా బిగించాలో కావాలంటే కొలతలు పంపుతాను.